కుర్మయ్య పేరు మీద బియ్యం

పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు, పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు మూడు పేర్లు అడుగుతారు: తండ్రి, తాత, ముత్తాత. ఈ మూడూ చెప్పగలిగినవాళ్లు విస్తరాకులో బియ్యం, చింతపండు, గుమ్మడికాయ ముక్క, గుప్పెడు చిక్కుడుకాయలు పెట్టి, నీళ్లు వదిలి, ఏడాదిపాటు నిశ్చింతగా ఉంటారు. చెప్పలేనివాళ్ల కోసం శాస్త్రంలో ఏదో ఒక ఏర్పాటు ఉండే ఉంటుంది. గోదావరి ఒడ్డున ఉన్న ఆ బొగ్గు ఊళ్లో మాత్రం ఏర్పాటంతా అయ్యగారే చూసుకునేవారు. అక్కడ సగం కుటుంబాలు బాయిలో, అంటే బొగ్గు గనిలో, పని కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చి స్థిరపడినవి. బట్టల మూటతో వచ్చారు గానీ ముత్తాత పేరును వెంట తెచ్చుకున్నవాళ్లు తక్కువ. కాబట్టి ఖాళీ కనిపించినచోట అయ్యగారు ఒక దేవుడి పేరు వేసి మంత్రం ఆగకుండా నడిపించేవారు.

ఆ ఊరి బాయి కాలనీలో ఉండే జములమ్మ ముత్తాత స్థానంలో అట్లా చాలామంది దేవుళ్లు కూర్చుని వెళ్లారు. ఒక ఏడు వేంకటేశ్వరుడు, ఒక ఏడు రాజన్న, వానలు పడని ఏడు వరుణుడు. ఇంత గొప్ప వంశవృక్షం ఆ కాలనీలో ఇంకెవరికీ లేదు.

ఆమె తండ్రి కుర్మయ్య తట్టా, చెమ్మసు అనే పారా పట్టి బొగ్గు ఎత్తిన మనిషి. 1967 వేసవిలో బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అప్పటికి జములమ్మకు రెండేళ్లు. బాయి పుస్తకంలో ఆయన గురించి ఒకే ఒక్క వరస ఉంది: కుర్మయ్య, తండ్రి బాలయ్య, గ్రామం కోడేరు, పాలమూరు జిల్లా. ఆ చిరునామాకు తంతి వెళ్లింది. ఎవరూ రాలేదు. తల్లి జంగమ్మ గోదావరి ఒడ్డు మనిషే; పాలమూరు ఎటువైపు ఉందో కూడా ఆమెకు తెలియదు. “శవాన్ని సూడరానోళ్ల గడప మనకెందుకు?” అని ఒక్క మాట అంది. ఆ మాట మీద ముప్పై తొమ్మిదేళ్లు నిలబడింది.

తండ్రి గురించి జములమ్మకు తల్లి చెప్పినవి మూడే సంగతులు. అన్నం తినడాన్ని ఆయన ‘ఊట’ అనేవాడు, తల్లి నవ్వేది. వెదురుతో ఎంత పెద్ద బుట్టనైనా పొద్దు గూకేలోపల అల్లేవాడు. బిడ్డకు లక్ష్మి అని పెడదామని తల్లి అంటే, మొండికేసి, ఆ జిల్లాలో ఎవరూ వినని ఒక దేవత పేరు పెట్టాడు.

ఇక ఆయన పేరు ఇంట్లో ఎప్పుడూ వినపడేది కాదు. భర్త పేరు నోటితో పలకడం ఆయువుకు మంచిది కాదని జంగమ్మ నమ్మకం. ఆమె “ఏమయ్యో” అంటే ఆయన “ఏందే” అనేవాడు. పేరు అవసరం లేకుండానే ఒక కాపురం నడిచింది.

2006లో రెండు ఘటనలు జరిగాయి. చైత్రంలో జంగమ్మ పోయింది. శ్రావణంలో పాత అయ్యగారు మోకాళ్ల నొప్పులతో విశ్రాంతి తీసుకోగా, ఆయన కొడుకు గుళ్లోకి వచ్చాడు. ఈయన చదువుకున్నవాడు. ఖాళీల్లో దేవుళ్లను వేయడం ఈయనకు ఇష్టం లేదు.

“పేర్లు సరిగ్గ లేకుంటె ఎవరికి చేరుతదో నేను చెప్పలేనమ్మా,” అన్నాడు. “ఈసారి మీ అమ్మకు మొదటి పెత్రమాస గద. ఆమె పక్కన మీ నాయిన, తాత, ముత్తాత ఉండాలె. తెలుసుకొని రాపో.”

జములమ్మకు ఆ మాట గుచ్చుకుంది. తల్లి బతికినన్నాళ్లూ అత్తింటి మనిషి అన్నవాడి ముఖం చూడలేదు. పోయాక కూడా వరుణుడి పక్కన కూర్చోవాలా? పెత్రమాసలోపు ముత్తాత పేరు తెలుసుకొని తీరాలని ఆమె పట్టుబట్టింది.

“ఒక్క పేరు కోసం నాలుగు బస్సులా?” అన్నాడు భర్త రామచంద్రయ్య. ఆయన కూడా బాయి మనిషే, ఇరవై ఆరేళ్ల సర్వీసు. భూమి కింద ఎన్ని ఫర్లాంగులైనా నడుస్తాడు. భూమి మీద బస్సెక్కమంటే పరేషాన్ అవుతాడు.

“నీకు మీ ముత్తాత పేరు తెలుసు గద?”

“తెలుసు. మల్లయ్య.”

“గందుకే నీకు గట్ల అనిపిస్తంది,” అంది ఆమె. ఆయన నాలుగు రోజులు లీవు పెట్టాడు.

మంగళవారం పొద్దున, పెత్రమాస ఇంకా మూడు రోజులుందనగా, ఇద్దరూ కోడేరు బస్టాండులో దిగారు. ఎదురుగా ఒక హోటలు, బయట రెండు బల్లలు, కడాయిలో మిర్చీలు. జములమ్మ కొంగు సవరించుకుని హోటలాయన్ని అడిగింది.

“కుర్మయ్య ఇల్లు యాడ అన్నా?”

“ఏ కుర్మయ్యమ్మా? మాకు ముగ్గురున్నరు. మేకల కుర్మయ్య, బక్క కుర్మయ్య, బొగ్గు కుర్మయ్య.”

“బొగ్గు కుర్మయ్య. నాయిన పేరు బాలయ్య. ఆయన ఇంటోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“ఇంటోళ్లెందుకు, ఆయనే ఉన్నడు గద. గా బల్ల మీద సూడు. మూడో మిర్చి తింటుండు.”

దివంగతుడు నిజంగానే మూడో మిర్చి తింటున్నాడు. డెబ్బైకి దగ్గర వయసు, తెల్లటి మీసం, బిగువైన బుగ్గలు. ముప్పై తొమ్మిదేళ్ల కింద కాలం చేసినవాడికి ఉండవలసిన దానికంటే చాలా మంచి ఆరోగ్యం.

జములమ్మ హోటలాయన వైపు, బల్ల వైపు మార్చి మార్చి చూసింది. రామచంద్రయ్యకు మాత్రం, బాయి మనిషి గనుక, విషయం వెంటనే అర్థమైంది. “మారుపేరు,” అన్నాడు మెల్లగా.

ఆ రోజుల్లో బొగ్గు బాయిలో ఇది కొత్త కాదు. పనికి పేరు రాయించుకున్నవాడు ఒకడు, ఆ పేరు మీద దిగేవాడు ఇంకొకడు. మొదటివాడు భయపడో, జబ్బుపడో, ఇంటి మీద బెంగపడో వెళ్లిపోతాడు. రెండోవాడు ఆ పేరును చొక్కాలా తొడుక్కుని, మస్టరు పిలిచినప్పుడు పలుకుతాడు. అక్కడితో అతని అసలు పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ మూటగట్టి పక్కన పెట్టవలసిందే. కొందరికి ఆ మూట విప్పే రోజు వస్తుంది. జములమ్మ తండ్రికి రాలేదు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. “పెద్దయ్యా, నువ్వు బొగ్గు బాయిల పనిచేసినవా?”

మిర్చి నోటిదాకా వెళ్లి ఆగింది. “బొగ్గా? నేనా? ఎప్పుడు పోలే.”

“అదేంది మామా!” అన్నాడు హోటలాయన అక్కడినుంచే. “మొన్న వినాయక చవితికి గూడ చెప్తివి గదనే, బాయిల దిగిన కత?”

“గది కత!” అని కుర్మయ్య లేచి, సగం మిర్చి ఆకులోనే వదిలి, ఇంటి దారి పట్టాడు. ఆయన తిండి వదిలిపెట్టడం కోడేరులో అదే మొదటిసారి అని హోటలాయన తర్వాత చాలామందికి చెప్పాడు.

ఇద్దరూ వెనకాలే వెళ్లారు. ఇంటి ముందర కుర్మయ్య భార్య రాములమ్మ పల్లికాయలు ఒలుస్తోంది. భర్త అంత వేగంగా రావడం చూసి ముందు ఆయన్ని, తర్వాత వెనక వస్తున్న ఇద్దరినీ పరీక్షగా చూసింది.

“ఎవరమ్మా మీరు? ఈయన ఏం చేసిండు?”

“ఏం చెయ్యలేదు పెద్దమ్మా,” అంది జములమ్మ, అరుగు మీద కూర్చుంటూ. “మా నాయిన బొగ్గు బాయిల సచ్చిపోయి ముప్పై తొమ్మిదేండ్లయింది. బుక్కుల ఆయన పేరు కుర్మయ్య, నాయిన బాలయ్య, ఊరు కోడేరు అని ఉంది. ముందుగాల మా అమ్మ, ఎన్క నేను, ఏటేటా పెత్రమాసకు గా పేరు మీదనే బియ్యం ఇస్తున్నం.”

రాములమ్మ చేతిలో పల్లికాయ పగలకుండా ఆగిపోయింది.

“ఏ పేరు మీద?”

“కుర్మయ్య పేరు మీద.”

“బతికున్న మనిషి పేరు మీదనా?”

“బతికున్నడని మాకేం ఎర్క?”

“ముప్పై తొమ్మిదేండ్ల సంది?” రాములమ్మ భర్త వైపు తిరిగింది. ఆమె ముఖంలో ఒక పాత చిక్కు విడిపోతున్న వెలుగు కనిపించింది. “అందుకే! పెత్రమాస నాడు ఈయనకు ఆకలి గాదమ్మా. ఎప్పుడు మూడు పూటలు అడిగి తినేటోడు, ఆ ఒక్క దినం పొద్దుగాల నుంచి తేన్పులే తేన్పులు. కడుపుల గడ్డ ఉందేమో అని నాగర్‌కర్నూల్ దవాఖానకు గూడ తోల్కపోయిన. డాక్టరు ఏం లేదన్నడు.”

కుర్మయ్య ఇప్పుడు భయం మరిచి ఆసక్తిగా ముందుకు జరిగాడు. “బిడ్డా, గుమ్మడికాయ గూడ పెడ్తవా?”

“పెడ్త. ఎర్ర గుమ్మడి.”

“గదే!” అన్నాడు ఆయన భార్యతో. “గుమ్మడికాయ నాకు వాయువు.”

కానీ ఆ కుర్మయ్యగా చనిపోయింది ఎవరని అడిగేసరికి మళ్లీ మూగవాడయ్యాడు. పేరు ఇంకొకరికి ఇచ్చినవాడిని జైల్లో వేస్తారని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ తంతి కోడేరుకు వచ్చిన రోజున ఆయన ఇంట్లోనే మంచానికి నులక అల్లుతున్నాడు. “మీ కుర్మయ్య మరణించెను” అని తపాలా మనిషి చదివితే, తండ్రి బాలయ్య నవ్వి, చదివినాయనకే చదువు రాదని తేల్చి పంపేశాడు. కుర్మయ్య నవ్వలేదు. అదే రోజు అచ్చంపేటలో అక్క ఇంటికి పోయి మూడు నెలలు దాక్కున్నాడు. అప్పటినుంచీ ఊళ్లోకి ప్యాంటు తొడిగిన కొత్త మనిషి వస్తే బొగ్గు కంపెనీవాడేమోనని పెరట్లోకి పోవడం ఆయనకు అలవాటు. రామచంద్రయ్య ప్యాంటు తొడిగి వచ్చాడు.

జములమ్మ బెదిరించలేదు. ఉన్న సంగతి చెప్పింది.

“సూడు పెద్దయ్యా, శుక్రారం పెత్రమాస. నాకు తెలిసిన పేరు ఒక్కటే. ఇంకో పేరు చెప్తె గా పేరుకిస్త. చెప్పకుంటె మల్ల నీకే ఇయ్యాలె. నేనేం చెయ్యను?”

“చెప్తవా, సస్తవా?” అంది రాములమ్మ భర్తతో. ఆ ప్రశ్నలోని రెండో భాగం అప్పటికే ఒకసారి జరిగిపోయిందని ఆమెకు ఆ తొందరలో తోచలేదు.

కుర్మయ్య చెప్పాడు.

పందొమ్మిది వందల అరవై రెండు. పాలమూరు నుంచి మన్ను పనికి ఒక గుంపు గోదావరి వైపు పోయింది. కట్ట పని అయిపోయాక గుంపు మేస్త్రీ, బొగ్గు బాయిలో మనుషులను తీసుకుంటున్నారని చెప్పి కొందరికి చీటీలు ఇప్పించాడు. కుర్మయ్యకు చీటీ దొరికింది. మొదటి షిఫ్టుకు దిగాడు.

“మన్ను తవ్వుడు నాకు తెలుసు బిడ్డా. మన్ను లోపట ఉండుడు తెల్వదు. మీద కప్పు కటకట అంటది. పక్కనున్నాయన నవ్వి, కప్పు మాట్లాడుతుంటె మంచిదే, మాట్లాడకుంటెనే భయం అన్నడు. నాకు మాట్లాడినా భయమే అయింది. మీదికొచ్చి, ఎండల గంటసేపు కూసున్న. మల్ల దిగలే.”

గుంపులో ఆలస్యంగా వచ్చి చేరిన ఒకతను ఉన్నాడు. చీటీ దొరకనివాడు. “నువ్వు పోతే నీ పేరు నాకియ్యి” అన్నాడు. కుర్మయ్య సరేనని, ఇచ్చిన వస్తువు సరిగ్గా ఇవ్వాలనే పట్టుదలతో, రెండు రోజులు కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. తండ్రి బాలయ్య. ఊరు కోడేరు. తాలూకా కొల్లాపూర్. ఇంటి ఎదురుగా ఎవరుంటారు, చెరువు ఏ దిక్కున ఉంది, అక్కను ఎక్కడికి ఇచ్చారు.

“మా ఇంట్ల ఆవు రంగు గూడ నేర్పిచ్చిన. అన్ని ఒప్పజెప్పిండు. తెలివిగల్లోడు.” కుర్మయ్య ఆగి మీసం దువ్వుకున్నాడు. “నేనే... ఆయనది ఏమి నేర్సుకోలే. నాదంత ఆయనకిచ్చిన, ఆయనది నేనేం అడగలే. నాకేం పని అనుకున్న.”

“పేరు?” అంది జములమ్మ.

“పేరు తెలుసు. మద్దిలేటి.”

జములమ్మ ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి చూసింది. నలభై ఒక్క ఏళ్ల వయసులో తండ్రి పేరు మొదటిసారి పలకడం ఎట్లా ఉంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. రామచంద్రయ్య మాత్రం ఆమెను రెండోసారి కూడా పలకనిచ్చి, ఆ తర్వాతే మంచినీళ్లు అడిగాడు.

ఇంకేం తెలుసునని అడిగితే, కుర్మయ్య దగ్గర మిగిలింది కొంచెమే. గద్వాల దిక్కువాడు. ఏట్లో పుట్టి నడిపే ఇంటివాడు. పుట్టి అంటే వెదురుతో బుట్టలా అల్లి, పైన తోలు కప్పిన గుండ్రటి పడవ. మాటమాటకూ “జములమ్మ తోడు” అని గద్వాల దేవత మీద ఒట్టు పెట్టేవాడు. మీ ఊరెక్కడరా అంటే, “జములమ్మ గుడి కాన్నుంచి ఏటి దిక్కు పోతే మూడు బీడీల దూరం” అనేవాడు.

“నువ్వు గూడ పో,” అంది రాములమ్మ భర్తతో. “ఆ బియ్యం అసలు మనిషికి చేరేదాక ఈ గడప తొక్కకు.”

ఆ విధంగా బుధవారం పొద్దున, చనిపోయినవాడిని వెతకడానికి ముగ్గురు బయల్దేరారు. వాళ్లలో ఒకరు అధికారికంగా చనిపోయినవాడే.

కిటికీ పక్కన జములమ్మ, ఆమె పక్కన కుర్మయ్య, వెనక సీట్లో రామచంద్రయ్య. గోపాల్‌పేట వచ్చేదాకా ఆమె ప్రశ్నలు ఆపలేదు.

“పొడుగా, పొట్టా?”

“పొట్టోడు.”

“నడక?”

“ముందటికి వంగి, కాళ్లు ఎడంగ పెట్టి నడిచేటోడు. పుట్టిల నిలబడి అలవాటు.”

“పాట పాడేటోడా?”

“పాట లేదు. ఈల. ఏటి అవతలి ఒడ్డుకు ఇనపడేటట్టు ఏస్తడు. బాయి ఆఫీసు ముందట ఒక్కసారి ఏస్తె అందరు దిగిన్రు, హారను మోగిందనుకొని.”

తన కాళ్లు ఎడంగా పెట్టి నడవడాన్ని పెళ్లయిన కొత్తలో అత్త వెక్కిరించిన సంగతి జములమ్మకు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. ఆయన తలూపాడు.

వనపర్తిలో బస్సు మారారు. అక్కడికి కుర్మయ్య జ్ఞాపకాల నిల్వ అడుగంటింది. ఆమె ఇంకా అడుగుతోంది. ఆయనకు లేదనడానికి మనసొప్పలేదు. పెబ్బేరు దాటేసరికి మద్దిలేటి మొసలితో పోరాడాడు.

“పెద్దయ్యా,” అన్నాడు రామచంద్రయ్య వెనకనుంచి, “గోపాల్‌పేట కాడ మా మామ పొట్టోడు. ఇప్పుడు నెత్తి బస్సు కప్పుకు తగులుతుంది. జర ఆపు.”

బీచుపల్లి వంతెన మీద బస్సు కృష్ణను దాటింది. ఏరు నిండుగా పోతోంది. జములమ్మ తల కిటికీలోంచి బయటపెట్టి చూస్తూనే ఉంది. కండక్టరు లోపలికి పెట్టమన్నాడు. ఆమె సగం మాత్రమే పెట్టింది.

గద్వాలలో దిగి జములమ్మ గుడికి పోయారు. తన పేరుతో ఉన్న దేవతను ఆమె మొదటిసారి చూసింది. మొక్కుకోవడం కూడా మరిచి, చుట్టూ వస్తున్న ఆడవాళ్లను పేర్లడిగింది. పదిమందిలో ఇద్దరు జములమ్మలు. కాలనీలో ఆమె పేరు విని “ఏందే?” అని రెండోసారి అడగనివాళ్లు లేరు. ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకది వింతగానూ హాయిగానూ ఉంది.

అసలు చిక్కు బీడీలతో వచ్చింది. కొలవాలంటే కాల్చేవాడు ఉండాలి. బాయి నోటి దగ్గర రోజూ జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె వెతుకుతారు గనుక ఇరవై ఆరేళ్లుగా రామచంద్రయ్యకు ఆ అలవాటే లేదు. కుర్మయ్య మానేసి పదేళ్లయింది. అయినా బాధ్యత ఆయన మీదే పడింది. బీడీ ముట్టించి, దగ్గుతూ, ఏటి దిక్కుకు నడిచాడు. మిగిలిన ఇద్దరూ సర్వే ఆఫీసు సిబ్బందిలా వెనక నడిచారు.

మొదటి బీడీ గాలికి రెండుసార్లు ఆరింది. మూడోది ఒక పత్తిచేను మధ్యలో అయిపోయింది. చుట్టూ ఊరు లేదు.

“ఇదేనా?” అన్నాడు రామచంద్రయ్య పత్తిచేనును చూస్తూ.

“నా నడక వేరు, ఇరవై రెండేండ్ల పోరగాని నడక వేరు,” అన్నాడు కుర్మయ్య నొచ్చుకుని. “ఇంకో రెండు ముట్టియ్యాలె.”

అయిదో బీడీ వేళ్లు కాల్చే సమయానికి ఒక ఊరు కనపడింది. మొదటి ఇంటి ముందు ఒక పుట్టి బోర్లించి ఆరబెట్టి ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంటావిడ వద్దంది.

ఆవిడ పేరు అమృతమ్మ. అరవై ఏళ్లుంటాయి. జొన్నలు చెరుగుతోంది. మద్దిలేటి ఇల్లు ఏదని జములమ్మ అడిగింది.

“ఏ మద్దిలేటమ్మా? ఊర్ల తొమ్మిది మంది ఉండ్రి.”

“మన్ను పనికి పోయి తిరిగిరానాయన.”

చేట కింద పెట్టింది అమృతమ్మ. “మా అన్న,” అంది. ఆమె చూపు జములమ్మను దాటి, రామచంద్రయ్యను దాటి, వెనక దగ్గుతున్న ముసలాయన మీద ఆగింది. వయసు సరిపోయింది. లేచి దగ్గరికి వెళ్లి ఆయన ముఖంలోకి చూసింది.

“అన్నా?”

కుర్మయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. “కాదమ్మా. నేను కుర్మయ్యను.”

“కుర్మయ్యనా?” అమృతమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. “నువ్వేనా మాకు కార్డు రాసింది, బిడ్డ పుట్టిందని?”

“నాకు బిడ్డల్లేరు తల్లీ. ముగ్గురు కొడుకులే.”

అమృతమ్మ లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో పసుపురంగు పోస్టుకార్డు ఉంది. రామచంద్రయ్య పైకి చదివాడు. 1965లో, అందమైన గుమాస్తా దస్తూరితో రాసింది:

“శ్రీమతి జములమ్మ గారి సముఖమునకు, కుర్మయ్య నమస్కరించి వ్రాసుకొన్న విన్నపము. ఇక్కడ క్షేమము. తమ క్షేమము తెలియగోరెదను. నాకు ఆడశిశువు కలిగినది. జములమ్మ అని నామకరణము చేసినాము. తల్లీబిడ్డలు సుఖముగా నున్నారు. చిత్తగించవలెను.”

“మమ్ముల కన్న మా అవ్వ పేరు జములమ్మ,” అంది అమృతమ్మ. “సారుతోని చదివిచ్చుకున్నది. మాకు కుర్మయ్య అనేటోడు ఎవడు తెల్వదు. అమ్మవారి భక్తుడెవడో ఊరంత కార్డులేస్తుండని అనుకుంటిమి. అవ్వ జవాబు గూడ రాపిచ్చింది: అయ్యా, నువ్వెవరో మాకు తెల్వదు, నీ బిడ్డ సల్లగుండాలె అని.”

రామచంద్రయ్య కార్డును తిప్పి చూస్తూ చెప్పాడు: “బాయి గుమాస్తాతోని రాపిచ్చిండు. ఆయన ముందట వేరే పేరు చెప్తె పని పోతది. సొంత పేరు రాయరాదు గనుక అవ్వ పేరు బిడ్డకు పెట్టి, అవ్వే అర్థం చేసుకుంటదని గిట్ల రాపిచ్చుకున్నడు.”

ఆ జవాబు గోదావరి ఒడ్డుకు చేరిందో, దారిలో తప్పిపోయిందో తెలియదు. చేరి ఉంటే, అదే గుమాస్తా దాన్ని చదివి వినిపించి ఉంటాడు.

“ఆ బిడ్డను నేనే అత్తా,” అంది జములమ్మ.

అమృతమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు, పెదవి మీద నవ్వు. “అవ్వ ముక్కు,” అంది. “నిన్ను పంపిచ్చి వాడు యాడ కూసున్నడు? సిగ్గయితుందా ముఖం చూపనీకి?”

ఇన్ని బస్సులెక్కి, అయిదు బీడీలు దాటి వచ్చింది ఈ ఇంటినుంచి రెండు పేర్లు తీసుకుపోవడానికే అనుకుంది జములమ్మ. ఇక్కడికి తాను ఒక చావును మోసుకొస్తున్నానని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. ఆ క్షణంలో తోచిన ఒకే ప్రశ్నను పట్టుకుంది.

“అత్తా, మా తాత పేరేంది?”

“ఈరన్న.”

“ఆయన నాయిన?”

“సవారన్న. ఎందుకే?”

“పెత్రమాసకు,” అంది జములమ్మ.

అమృతమ్మ చెయ్యి ఆమె గడ్డం మీదనుంచి కిందికి జారింది. మళ్లీ చేట ముందు కూర్చుంది. జొన్నలను వేళ్లతో అటూ ఇటూ జరిపింది.

“ఎన్నేండ్లాయె?”

“ముప్పై తొమ్మిది.”

“మా అవ్వ సచ్చేటప్పుడు చెప్పింది, వాని పేరు మీద బియ్యమియ్యకుండ్రి, వాడు వస్తడు అని. అందరికి ఇచ్చినం. వానికి ఇయ్యలే.” ఆమె తలెత్తింది. “ఇన్నేండ్లు వాడు ఉపాసమున్నడా?”

“లేదత్తా! ఇచ్చిన. ఏటేటా ఇచ్చిన,” అంది జములమ్మ. తర్వాత ఆ బియ్యం ఏ పేరు మీద ఇచ్చిందో గుర్తొచ్చి ఆగిపోయింది. అసలు సంగతి రామచంద్రయ్య నాలుగు మాటల్లో చెప్పాడు. ముగ్గురూ కుర్మయ్య వైపు చూశారు.

కుర్మయ్య నెత్తి మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. “నేనే తిన్న తల్లీ,” అన్నాడు. “తెల్వక తిన్న.”

అమృతమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. బిగువైన బుగ్గలు, తెల్లటి మీసం, బొజ్జ. “కనపడుతుంది,” అంది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “పొద్దుగాల సంది ఏం తిన్నరో ఏమో. ఊట చేద్దురు రాండ్రి.”

ఆ మాట విని జములమ్మ గడప దగ్గరే ఆగింది. ఇన్నేళ్లూ తల్లి నవ్వుతూ తలచుకున్న మాట. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. అందరూ కాళ్లు కడుక్కోవడానికి పోయారు.

రామచంద్రయ్య లీవు శుక్రవారంతో అయిపోతుంది గనుక పెత్రమాస అక్కడే చేయాలని నిర్ణయమైంది. శుక్రవారం పొద్దున్నే ఏటి ఒడ్డున ఆ ఊరి అయ్యగారు చాప వేసుకుని కూర్చున్నారు. వరసలో ఊరు ఊరంతా ఉంది. జములమ్మ వంతు వచ్చింది. విస్తరాకును ఒకవైపు ఆమె, ఒకవైపు అమృతమ్మ పట్టుకున్నారు. అందులో ఎర్ర గుమ్మడికాయ ముక్క మామూలు కంటే పెద్దదే ఉంది. వెనక రామచంద్రయ్య, ఆయన వెనక కుర్మయ్య.

“తండ్రి పేరు?”

“మద్దిలేటి.”

“తాత?”

“ఈరన్న.”

“ముత్తాత?”

“సవారన్న,” అంది జములమ్మ. ఏ దేవుడినీ పిలవనక్కర లేకపోయింది. తల్లి పేరు అడగకముందే చెప్పింది: “జంగమ్మ. మద్దిలేటి పెండ్లాం జంగమ్మ.”

అయ్యగారు మంత్రం ముగించి, చెంబు ఎత్తి, నీళ్లు వదిలేముందు వాడుక ప్రకారం అడిగారు.

“ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?”

“లేరయ్యగారూ,” అన్నాడు కుర్మయ్య అందరికంటే ముందు. “ఇంకెవ్వరు లేరు. మీరు కానియ్యుండ్రి.”